పోలండ్‌లో ఒక పల్లె చరిత్ర తవ్వడం ఎలా: క్రుషిన్యానీ కాగితాలు, రాళ్ళు, కథలు

ఊరి చరిత్ర రాద్దామనుకున్నవాళ్ళు చాలామంది ముందు ఊళ్ళోకి వెళ్తారు. పోలండ్‌లో ఆ పని ఆఖర్న పెట్టుకోండి. ముందు ఇంట్లో కూర్చుని, ఒక తెల్లకాగితం మీద ఆ ఊరిని ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా ఎవరు ఏలారో రాయండి. ఆ పట్టిక లేకుండా బయల్దేరితే మీకు దొరికిన కాగితం ఏ భాషలో ఉందో, అందులోని తేదీ ఏ క్యాలెండర్‌దో, పొలం కొలత ఎకరాల్లో ఎంతో, దాని జత కాగితం ఏ దేశపు బీరువాలో ఉందో ఏదీ తెలియదు.

నేను సర్వే శాఖలో గొలుసు లాగి, ఎఫ్ఎంబీలు (పొలాల కొలతల పటాలు) గీసి రిటైరైనవాణ్ణి. అబ్బాయి, కోడలు వార్సాలో ఉంటారు. వేసవిలో అక్కడికి వెళ్ళినప్పుడు పార్కుల్లో తిరిగి తిరిగి విసుగొచ్చి ఈ పనిలో పడ్డాను. కోడలు పోలిష్ నేర్చుకుంది కాబట్టి చదివిపెట్టే మనిషి ఇంట్లోనే దొరికింది. మేం పట్టుకున్న ఊరు క్రుషిన్యానీ. పోలండ్ తూర్పు అంచున, బెలారస్ సరిహద్దుకి కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న పల్లె. 17వ శతాబ్దంలో ముస్లిం తాతార్ సైనికులు స్థిరపడ్డ ఊరు. చెక్కతో కట్టిన ఆకుపచ్చ మసీదు, దాని వెనక అడవి గట్టు మీద సమాధులు ఉన్నాయి. దీన్ని ఉదాహరణగా పెట్టుకుని చెబుతాను. పద్ధతి మాత్రం ఏ ఊరికైనా పనికొస్తుంది.

ఏ ఊరో ముందు తేల్చుకోండి

పోలండ్‌లో ఒకే పేరున్న ఊళ్ళు కుప్పలు. నోవా వ్యెష్ అంటే కొత్త ఊరు. ఆ పేరుతో దేశం నిండా ఊళ్ళే. అందుకని పేరు పక్కన మూడు మెట్లు రాసుకోవాలి: రాష్ట్రం లాంటి వొయెవూజ్‌త్వో, జిల్లా లాంటి పొవియత్, మన మండలంతో సరిపోయే గ్మీనా. మా ఊరికైతే పొద్లాస్యె వొయెవూజ్‌త్వో, సొకూల్కా పొవియత్, క్రింకి గ్మీనా. ఇది ఈనాటి లెక్క. పాత కాగితాల్లో ఈ మెట్లు మారిపోతాయి, ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఇంకొకటి. పోలిష్‌లో విభక్తి ఊరి పేరులోపలికే వెళ్ళిపోతుంది. క్రుషిన్యానీ ఊళ్ళో అనాలంటే "క్రుషిన్యానాఖ్" అంటారు, ఊరికి అనాలంటే "క్రుషిన్యాన్" అంటారు. కంప్యూటర్లో పూర్తి పేరు కొట్టి వెతికితే సగం కాగితాలు తగలవు. పేరు చివర రెండు మూడు అక్షరాలు కోసేసి, మొదలు మాత్రం కొట్టి వెతకండి. రష్యన్ లిపిలోనూ ఒకసారి కొట్టి చూడండి. జర్మన్లు గీసిన మ్యాపుల్లో స్పెల్లింగ్ మళ్ళీ వేరు.

ఏలినవాళ్ళ పట్టిక

క్రుషిన్యానీకి నేను రాసుకున్న పట్టిక ఇది. 1795 దాకా పోలండ్–లిథువేనియా ఉమ్మడి రాజ్యం. అందులోనూ ఇది లిథువేనియా వాటాలోని గ్రోద్నో రాజభూముల కింద ఉండేది. 1795లో ఆ రాజ్యాన్ని రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా మూడోసారి పంచుకుని మ్యాపు మీంచే తుడిచేశాయి. 19వ శతాబ్దమంతా ఈ ఊరు రష్యా సామ్రాజ్యపు గ్రోద్నో గుబేర్నియాలో ఉంది, గుబేర్నియా అంటే రాష్ట్రం లాంటిది. 1915లో జర్మన్ సైన్యం వచ్చింది. 1919 నుంచి పోలండ్, మధ్యలో 1920 వేసవిలో కొన్నాళ్ళు బోల్షివిక్కులు. 1939లో సోవియట్, 1941లో నాజీ జర్మనీ, 1944లో మళ్ళీ ఎర్ర సైన్యం, ఆ తర్వాత నేటి పోలండ్.

ఊరు ఉన్న చోటే ఉంది. తాలూకా కేంద్రం మాత్రం సరిహద్దు గీతకి అవతలకి పోయింది. రెండు ప్రపంచయుద్ధాల మధ్య కూడా ఈ పక్క ఊళ్ళ వ్యవహారమంతా గ్రోద్నోలో నడిచింది. ఇవాళ గ్రోద్నో బెలారస్‌లో ఉంది. అంటే ఊరి శిస్తు లెక్కలు, భూమి తగాదాలు, జనాభా పట్టీలు చాలావరకు గ్రోద్నోలోని జాతీయ చారిత్రక ఆర్కైవ్‌లో ఉండాలి. ఈ ఒక్క మాట పట్టికలోంచి తేలకపోతే బియావిస్తోక్ ఆర్కైవ్‌లో కూర్చుని "మా ఊరికి కాగితాలే లేవు" అనుకుంటూ ఉండిపోతారు.

మీ ఊరు ఇంకోచోట ఉంటే పట్టిక ఇంకోలా వస్తుంది. బియావిస్తోక్ పట్నం ఇక్కడికి రోడ్డు మీద సుమారు 50 కిలోమీటర్లే, కానీ అది 1795 నుంచి 1807 దాకా ప్రష్యా చేతిలో ఉండి తర్వాత రష్యాకి పోయింది. తార్నూఫ్ దగ్గరి పల్లె అయితే 1918 దాకా ఆస్ట్రియా. వ్రోత్స్వాఫ్ దగ్గరి పల్లె అయితే 1945 దాకా జర్మనీలో ఉండి, ఆ తర్వాత జనం మొత్తం మారిపోయిన ఊరు. అక్కడ ఇప్పుడున్న ముసలివాళ్ళని అడిగితే తూర్పున వదిలేసి వచ్చిన ఇంకో ఊరి కథ చెబుతారు. దానికి రెండు ఊళ్ళ చరిత్ర రాయాలి.

పట్టిక పూర్తయ్యాక పక్కన ఇంకో నిలువు గీత గీసి, ప్రతి పాలకుడికీ ఎదురుగా భాష, క్యాలెండర్, కొలత రాయండి.

క్యాలెండర్ సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. పోలండ్ 1582లోనే గ్రెగోరియన్ క్యాలెండర్‌కి మారింది. రష్యా సామ్రాజ్యం మాత్రం పాత జూలియన్ లెక్కనే పట్టుకుంది. 19వ శతాబ్దంలో అది 12 రోజులు వెనక, 20వ శతాబ్దంలో 13 రోజులు. రష్యాకి ఎదురుగా లేచిన జనవరి తిరుగుబాటు 1863 జనవరి 22న మొదలైందని పోలిష్ పుస్తకాల్లో ఉంటుంది. రష్యన్ కాగితంలో అదే రోజు జనవరి 10. రెండూ వేరు వేరు సంఘటనలని రాసేస్తే నవ్వుతారు. తాతార్ ఊళ్ళలో మూడో లెక్క కూడా ఉంది, హిజ్రీ. దానికి మోటు సూత్రం ఒకటి: హిజ్రీ సంవత్సరాన్ని 0.97తో గుణించి 622 కలపండి. రాయి మీద 1111 అని ఉంటే 1699 ప్రాంతం అని తేలుతుంది. ఖచ్చితమైన తేదీ కావాలంటే పట్టికలు చూడాలి గానీ, సంవత్సరం అటూ ఇటూగా తెలియడానికి ఇది చాలు.

కొలతల దగ్గర నాకు ప్రాణం లేచొచ్చింది, ఒప్పుకుంటాను. 1557లో లిథువేనియా మహారాజ్యంలో జిగ్మంత్ ఆవుగుస్త్ రాజు భూముల సర్వే చేయించాడు. ఒక్కో రైతు కుటుంబానికి ఒక "వూకా" చొప్పున కొలిచి, మూడు పొలాలుగా విడదీసి, ఏటా ఒకటి బీడు పెట్టేలా చేశారు. ఇళ్ళన్నీ ఒకే వీధి పొడుగునా వరసగా కట్టించారు. ఆ వూకా సుమారు 21 హెక్టార్లు, మన లెక్కలో 53 ఎకరాల దాకా వస్తుంది. అదే పేరుతో పోలండ్ వైపున్న వూకా 17, 18 హెక్టార్లే. రష్యా వచ్చాక "దెస్యతీన", అది 1.09 హెక్టారు. ప్రష్యా కాగితంలో "మోర్గెన్" అంటే పావు హెక్టారు. పోలిష్ కాగితంలో దాదాపు అదే పేరున్న "మూర్గ్" 19వ శతాబ్దంలో అర హెక్టారుకి పైనే. పేరు చూసి కొలత వేశారా, పొలం రెండింతలైపోతుంది.

మ్యాపులు: కాళ్ళకంటే ముందు కళ్ళు నడవాలి

మూడు తరాల మ్యాపులు సంపాదించండి. అన్నీ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికేవే.

మొదటిది రష్యా సైన్యం గీసిన మూడు వెర్స్టుల మ్యాపు. అంగుళానికి మూడు వెర్స్టులు, అంటే 1:1,26,000. వెర్స్టు అంటే 1.067 కిలోమీటర్లు. రెండోది మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్లు వేసిన పశ్చిమ రష్యా మ్యాపు, 1:1,00,000. మూడోది యుద్ధాల మధ్యకాలంలో పోలిష్ సైనిక భౌగోళిక సంస్థ గీసింది, అదీ 1:1,00,000. పోలిష్ వాళ్ళు దీన్ని పొడి అక్షరాల్లో "విగ్" మ్యాపు అంటారు. మాప్‌స్టర్ అనే సైట్లో ఈ మ్యాపుల షీట్లు వరసగా పేర్చి ఉంటాయి. గీత ఎంత సన్నగా, ఎంత శుభ్రంగా ఉందో చూస్తే, కాలు పెట్టి కొలిచినవాడి చేతిపని అని సర్వేయరుకి తెలిసిపోతుంది.

ఈ మూడిటినీ పక్కపక్కన పెట్టి ఏ గుర్తు కొత్తగా వచ్చింది, ఏది పోయింది అని మాత్రమే చూడండి. మిల్లు, సారాయి బట్టీ, జమీందారు బంగళా, రోడ్డు పక్క శిలువ, శ్మశానం, మసీదు. అడవి అంచు ఎంత జరిగిందో ఒక పెన్సిలు గీతతో గుర్తు పెట్టుకోండి. 1945కి ముందు మ్యాపులో తూర్పు వైపు వెళ్ళే బండి దారి ఒకటి కనబడితే, ఇవాళ అది సరిహద్దు దగ్గర ఆగిపోతుంది. 2022లో పోలండ్ అక్కడ 186 కిలోమీటర్ల పొడుగున 5.5 మీటర్ల ఎత్తు ఉక్కు కంచె కట్టేసింది.

తర్వాత పోలిష్ ప్రభుత్వపు జియోపోర్టల్ తెరవండి. అందులో విమానం నుంచి లేజర్‌తో కొలిచిన నేల ఎత్తుల పొర ఉంటుంది. చెట్లు తీసేసినట్టు నేల ఒక్కటే కనిపిస్తుంది. పాత పొలం గట్లు, పూడిపోయిన కందకాలు, యుద్ధకాలపు ట్రెంచీలు, అడవిలో సమాధుల వరసలు అన్నీ నీడల్లా తేలతాయి. నా సర్వీసులో ఇలాంటిది ఒక్కటుంటే ఎన్ని తగాదాలు తీరేవో!

పక్క పట్నం ప్లాను కూడా ఒకసారి చూడండి, ఎందుకంటే పల్లె సంతకెళ్ళేది అక్కడికే. క్రింకి పట్నం నడిబొడ్డున గుండ్రటి తోట ఉంది, దాని చుట్టూ 12 వీధులు కిరణాల్లా బయల్దేరతాయి. 18వ శతాబ్దం చివర్లో గ్రోద్నో రాజభూముల్ని చూసిన ఆంతొని తిజెన్‌హావుజ్ కాలపు ప్లాను అని చెబుతారు. పారిస్‌లో తప్ప ఇంకెక్కడా ఇలాంటిది లేదని క్రింకివాళ్ళు గర్వంగా అంటారు. ఆ గర్వాన్ని నేను పరీక్షించలేదు, ప్లాను మాత్రం కళ్ళకద్దుకునేలా ఉంది.

కాగితాల వేట

మొదట "స్వోవ్నిక్ గెయోగ్రఫిచ్నీ" అనే భౌగోళిక నిఘంటువు చూడండి. 1880 నుంచి 1902 దాకా వార్సాలో సంపుటాలుగా అచ్చయింది. పాత పోలిష్ నేలలోని పల్లె పల్లెకీ నాలుగు ముక్కలు రాసి పెట్టారు: ఎన్ని ఇళ్ళు, ఎంతమంది జనం, ఏ మతం, భూమి ఎవరిది, దగ్గరి పోస్టాఫీసు ఏది. మన కైఫీయతులంత రుచిగా ఉండదు, కానీ గట్టి పునాది. స్కాన్లు ఉచితం.

ఆ తర్వాత పోలిష్ ప్రభుత్వ ఆర్కైవ్‌ల ఉమ్మడి సైటు. పేరు "షుకాయ్ వ్ అర్ఖివాఖ్". ఊరి పేరు మొదలు కొట్టండి, జాబితా వస్తుంది. ప్రతి కాగితానికీ ఏ ఆర్కైవ్, ఏ సంపుటి సముదాయం, ఏ నంబరు అని మూడు గుర్తులుంటాయి. వాటిని అప్పుడే నోటుపుస్తకంలో ఎక్కించండి. ఫోటో తీసి తర్వాత చూద్దామనుకుంటే ఆ ఫోటో ఏ కట్టలోదో దేవుడికే తెలియాలి.

జనన మరణాల పుస్తకాలకి ఒక నియమం ఉంది. పుట్టుక నమోదు అయితే 100 ఏళ్ళు, పెళ్ళి, మరణం అయితే 80 ఏళ్ళు రిజిస్ట్రారు ఆఫీసులోనే ఉంటాయి. ఆ గడువు దాటాకే ఆర్కైవ్‌కి వస్తాయి. క్యాథలిక్ ఊళ్ళకి వాలంటీర్లు కట్టిన గెనెటెకా సూచిక బాగా పనికొస్తుంది. తాతార్ ఊరికి అది చాలదు. 19వ శతాబ్దంలో ఈ పశ్చిమ గుబేర్నియాల ముస్లింల మత వ్యవహారాలు క్రిమియాలోని తౌరిద ముస్లిం మండలి కింద ఉండేవి. అందుకని వాళ్ళ కాగితాల దారులు గ్రోద్నోకి, విల్నియస్‌కి, ఇంకా కిందికి సిమ్‌ఫెరొపొల్ దాకా వెళ్తాయి. లిథువేనియా రాజ్య దస్తావేజుల పెద్ద పుస్తకాలు, అంటే రాజు ఎవరికి ఏ భూమి ఇచ్చాడో రాసుకున్న చిట్టాలు, మాస్కోలో ఉన్నాయి. వాటి ప్రతులు కొన్ని వార్సాలో చూడొచ్చు. ఒక చిన్న పల్లె కోసం నాలుగు దేశాలు. అన్నిటికీ మనం వెళ్ళలేం. ఏది ఎక్కడ ఉండాలో తెలిస్తే, ఇంతకుముందు వెళ్ళినవాళ్ళు అచ్చేసిన ప్రతుల్లో వెతుక్కోవచ్చు.

చేతిరాత చదవడం దగ్గర అందరికీ టెన్షన్ వస్తుంది. 1918కి ముందు రష్యన్‌లో ఇప్పుడు వాడని అక్షరాలు కొన్ని ఉంటాయి, గుమాస్తాల గొలుసుకట్టు రాత వేరే బాధ. ఒక పేజీలో ముందు మీకు తెలిసిన మాటలు పట్టండి: ఊరి పేరు, నెలల పేర్లు, అంకెలు. వాటిలోంచి ఆ గుమాస్తా "క" ఎలా రాస్తాడో, "న" ఎలా రాస్తాడో ఒక చిన్న అక్షరమాల చేసుకోండి. కరణాల కవిలెల చేతిరాత చదివినవాళ్ళకి ఇది కొత్తేం కాదు. ట్రాన్స్‌క్రిబస్ లాంటి ప్రోగ్రాములు సాయం చేస్తాయి, కానీ ఇంటిపేర్ల దగ్గర వాటిని నమ్మొద్దు.

ఇంటిపేర్లలోనే చరిత్ర ఉంది. ఈ తాతార్లు తమ మాతృభాషని నాలుగు శతాబ్దాల కిందటే వదిలేసి చుట్టుపక్కల భాషల్లో కలిసిపోయారు. మతం మాత్రం వదల్లేదు. వాళ్ళ మతగ్రంథాల్లో పోలిష్, బెలారుసియన్ మాటల్ని అరబిక్ లిపిలో రాసుకున్నారు. పేర్లలోనూ ఆ అతుకే కనిపిస్తుంది. అహ్మతోవిచ్ అంటే అహ్మత్ సంతతి. ముందు ముస్లిం పూర్వీకుడి పేరు, వెనక స్లావ్ తోక. తోకని తీసి చూస్తే మూలపురుషుడు దొరుకుతాడు.

కథని కొలవండి, పారేయకండి

క్రుషిన్యానీలో ఎవరినడిగినా ఒక కథ చెబుతారు. యాన్ సొబియెస్కి రాజు తుర్కులతో యుద్ధంలో పార్కానీ దగ్గర చిక్కుకుపోయాడు. సామ్యూల్ ముర్జా క్షెచోవ్‌స్కి అనే తాతార్ అధికారి ఆయన ప్రాణం కాపాడాడు. ఆ ఉపకారానికి రాజు ఈ ఊరు రాసిచ్చాడు. వినడానికి ఎంత బావుంది!

ఇప్పుడు తేదీలు పక్కపక్కన పెట్టండి. పార్కానీ యుద్ధం 1683 అక్టోబరులో, వియన్నా విజయం తర్వాత జరిగింది. అక్టోబరు 7న రాజు నిజంగానే ప్రాణం అరచేత పట్టుకుని బయటపడ్డాడు. మరి క్షెచోవ్‌స్కికి క్రుషిన్యానీ ఇచ్చిన పట్టా? 1679. ఉపకారం కంటే నాలుగేళ్ళ ముందే బహుమానం వచ్చేసింది!

మా కోడలు అది చదివి, "మామయ్యగారూ, అయితే అంతా కట్టుకథేనా?" అంది.

"కథ ఎక్కడ ఆగితే కాగితం అక్కడ మొదలవుతుందమ్మా, ముందుకి చదువు" అన్నాను.

అసలు కారణం అంత అందంగా లేదు, అందుకే నాకు ఎక్కువ నచ్చింది. జీతాల బకాయి. ఉమ్మడి రాజ్యపు సైన్యంలో పనిచేసే లిప్కా తాతార్లకి, అంటే లిథువేనియా నేల మీద స్థిరపడ్డ తాతార్లకి, ఖజానా ఏళ్ళ తరబడి జీతాలు ఇవ్వలేదు. పైగా పాత హక్కులు కోశారు. 1672లో తుర్కులు దండెత్తినప్పుడు అలెక్సాందర్ క్రిచిన్‌స్కి నాయకత్వంలో చాలామంది అటువైపు వెళ్ళిపోయారు. 1674లో రాజైన సొబియెస్కి వాళ్ళని తిరిగి రప్పించుకోవాలనుకున్నాడు. చేతిలో డబ్బు లేదు, గ్రోద్నో రాజభూములు మాత్రం ఉన్నాయి. జీతం బదులు భూమి ఇచ్చాడు. హోదాని బట్టి వూకాలు కొలిచి ఇచ్చారు. క్రుషిన్యానీ, సొకూల్కా దగ్గరి బొహొనికి, ఇంకా కొన్ని పల్లెలు అలా తాతార్లవి అయ్యాయి.

అంతమాత్రాన ఊరివాళ్ళ కథని కొట్టిపారేయకండి. దాన్ని రెండు ముక్కలు చేసి చూడండి. భూమికి కారణం అనే ముక్క తేదీల దగ్గర నిలవదు. ఇంకో ముక్క ఉంది: 1688లో గ్రోద్నోలో జరిగే పార్లమెంటు సభకి వెళ్తూ రాజు క్షెచోవ్‌స్కి ఇంట్లో ఆగాడని, లిండెన్ చెట్ల కింద కూర్చున్నాడని. ఆ ఏడాది గ్రోద్నోలో సభ జరిగిన మాట నిజం. కాబట్టి ఈ ముక్కని "జరిగి ఉండొచ్చు" అనే అరలో పెట్టండి. నా నోటుపుస్తకంలో మూడు అరలు: కాగితం చెప్పింది, ఊరు చెప్పింది, నేను చూసింది. ఏ వాక్యం ఏ అరలోదో చివరిదాకా కలవనివ్వను.

ఊళ్ళోకి అడుగు

వార్సా నుంచి బియావిస్తోక్‌కి రైలుంది. అక్కడి నుంచి క్రుషిన్యానీకి రైలు లేదు, బస్సులు అరకొర. కారు అద్దెకి తీసుకోవడమే మేలు. పాస్‌పోర్టు జేబులో ఉండాలి, సరిహద్దు పోలీసులు దారిలో ఆపి అడుగుతారు. 2021 సెప్టెంబరులో సరిహద్దు ఊళ్ళన్నిటికీ అత్యవసర పరిస్థితి పెట్టి బయటివాళ్ళని రానివ్వలేదు. బయల్దేరే ముందు అప్పటి నియమాలు చూసుకోండి.

మసీదు 18వ శతాబ్దం చివరిది, 1846లో బాగుచేశారు. ముందు రెండు చతురస్రపు బురుజులు చూస్తే ఎవరైనా పల్లెటూరి చర్చి అనుకుంటారు. చుట్టుపక్కల వడ్రంగులకి తెలిసిన పని చర్చీలు కట్టడం, అదే చేతులతో మసీదూ కట్టారు. గోపురాల మీద మాత్రం నెలవంక. లోపల ఆడవాళ్ళకి వేరే గది, గోడల మీద అరబిక్ వాక్యాల పటాలు. ఈ పటాల్ని "ముహిర్" అంటారు. చెప్పులు విప్పండి, ఫోటోకి అడగండి. మసీదు, సమాధులతో పాటు బొహొనికి కట్టడాలకి కూడా 2012లో పోలండ్ దేశపు చారిత్రక స్మారకం హోదా వచ్చింది. జాతీయ వారసత్వ సంస్థ సైట్లో కట్టడం వివరాలన్నీ ఉన్నాయి, వెళ్ళే ముందే చదవండి.

సమాధుల చోటుని మిజార్ అంటారు. నా అభిప్రాయంలో ఊరి అసలు దస్తావేజు అదే. చదవగలిగిన రాళ్ళలో అతి పాతది 1699 నాటిది. తల దగ్గర పెద్ద రాయి, కాళ్ళ దగ్గర చిన్న రాయి, చుట్టూ గుండ్రాళ్ళు. రాళ్ళు పొలాల్లో దొరికే బండలే. రాతలు అరబిక్‌లో, పోలిష్‌లో, కొన్ని రష్యన్‌లో. జారు సైన్యంలో హోదాలు సంపాదించినవాళ్ళ పేర్లు రష్యన్ అక్షరాల్లో కనిపిస్తే ఆశ్చర్యపోకండి. మీ పట్టికలోని పాలకుడు మారిన చోటే రాయి మీద లిపి మారుతుంది.

రాయి చదవడానికి సుద్ద రాయకండి, పిండి చల్లకండి, ఇనప బ్రష్షుతో గీకకండి. పాచి పీకినా రాయి పొర ఊడుతుంది. ఒక చిన్న అద్దం తీసుకెళ్ళి ఎండని రాయి మీదికి పక్కవాటుగా పడేలా తిప్పండి, అరిగిపోయిన అక్షరం నీడ పట్టుకుని లేస్తుంది. ఎండ లేకపోతే టార్చి. పొద్దున్నే అయితే ఏదీ అక్కర్లేదు, వాలు వెలుగు చాలు. నాలుగు కోణాల్లో ఫోటో తీసి, సమాధి ఎక్కడుందో అడుగులు లెక్కపెట్టి ఒక చేతి ప్లాను గీసుకోండి. ఫోన్ జీపీఎస్ చెట్ల కింద తప్పుతుంది.

ముసలివాళ్ళతో మాట

మగవాళ్ళని "పాన్" అని, ఆడవాళ్ళని "పాని" అని పిలవండి. పేరు పెట్టి పిలిస్తే మొరటుగా ఉంటుంది. ఈ ప్రాంతపు పల్లెల్లో చాలామంది పోలిష్‌కీ బెలారుసియన్‌కీ నడుమ నలిగిన యాస మాట్లాడతారు. దాన్ని వాళ్ళు "పో ప్రోస్తు" అంటారు, సాదాగా మాట్లాడటం అన్నమాట. పోలిష్ నేర్చుకున్న కోడలికి కూడా సగం అర్థం కాలేదు. రికార్డు చేసుకోవడానికి అనుమతి అడగండి, తర్వాత ఎవరికైనా వినిపించొచ్చు.

"మీ ఊరి చరిత్ర చెప్పండి" అంటే ఎవరూ ఏమీ చెప్పరు. వస్తువు పట్టుకుని అడగండి. ఈ ఇంటికి కరెంటు ఎప్పుడొచ్చింది? ఈ బావి ఎవరు తవ్వారు? 1939కి ముందు ఈ ఇంట్లో ఎవరుండేవాళ్ళు? సంతకి క్రింకి వెళ్ళేవాళ్ళా, ఇంకెక్కడికైనానా? మీ అమ్మమ్మ 1915లో ఎక్కడికి పోయింది?

ఆ చివరి ప్రశ్న ఈ ప్రాంతంలో తాళం తీస్తుంది. 1915లో జర్మన్లు వస్తుంటే రష్యా ప్రభుత్వం లక్షలమందిని, ముఖ్యంగా ఆర్థడాక్స్ క్రైస్తవుల పల్లెల్ని, బళ్ళు కట్టించి లోపలి రష్యాకి తరలించింది. దారి పొడుగునా జనం చచ్చిపోయారు. మిగిలినవాళ్ళు ఏళ్ళ తర్వాత తిరిగొచ్చి చూస్తే ఇళ్ళు లేవు. దీన్ని "బ్యెజెన్‌స్త్వో" అంటారు. పోలండ్ దేశ చరిత్ర పుస్తకాల్లో చాలాకాలం దీనికి చోటు దొరకలేదు, ఇళ్ళల్లో మాత్రం నిలిచింది.

ఒకే మతంవాళ్ళని అడిగి ఊరుకోవద్దు. క్రుషిన్యానీ తాతార్ ఊరుగా ప్రసిద్ధి, కానీ ఇవాళ అక్కడ తాతార్ కుటుంబాలు కొద్దే, ఆర్థడాక్స్‌వాళ్ళే ఎక్కువ. 1945 తర్వాత చాలామంది తాతార్లు గ్దాన్‌స్క్ వైపు, పడమటి పట్నాలకి తరలిపోయారు. ఇక ఎవరూ మిగలని గొంతు ఒకటుంది. క్రింకిలో తోలు పరిశ్రమ నడిపింది, అందులో చెమటోడ్చింది ఎక్కువగా యూదులు. పల్లెలవాళ్ళకి చెప్పులు, ఉప్పు, అప్పు అన్నీ వాళ్ళ దగ్గరే. 1942 నవంబరులో నాజీలు యూదుల్ని బంధించి ఉంచిన క్రింకి ఘెట్టోని ఖాళీ చేయించి, అత్యధికుల్ని ట్రెబ్లింకా మరణ శిబిరానికి పంపి చంపారు. ఈ పల్లెల చరిత్రలో వాళ్ళ వాటా కోసం విదేశాల్లో బతికిపోయినవాళ్ళు రాసుకున్న స్మృతి గ్రంథాలు చూడాలి. పాత సంత గురించి పల్లెవాళ్ళు చెప్పేదానికి అవతలి వైపు కథ అక్కడ ఉంటుంది.

తిండి గురించి ఒక హెచ్చరిక. ఊళ్ళో తాతార్ భోజనం పెట్టే చోట "పియెరెకాచెవ్‌నిక్" తినండి. పల్చటి పిండి పొరలు ఆరు, మధ్యలో కూర, నత్తగుల్లలా చుట్టి కాలుస్తారు. 2009లో యూరోపియన్ యూనియన్ సంప్రదాయ వంటకంగా దానికి రక్షణ ఇచ్చింది. రుచికి వంక లేదు. అయితే మెనూలో ఉన్నదంతా 1679 నుంచి వస్తోందని రాసేయకండి. టూరిస్టులు రావడం మొదలయ్యాక వెలుగులోకి వచ్చిన వంటలు చాలా ఉంటాయి. మీ అమ్మ పండక్కి ఏం వండేది అని అడగండి, జవాబు వేరుగా వస్తుంది. ఈమధ్యది కూడా చరిత్రే. 2010లో అప్పటి బ్రిటన్ యువరాజు చార్లెస్ వచ్చి వెళ్ళడం, 2018 మేలో ఊళ్ళో పేరున్న తాతార్ హోటల్ కాలిపోయి మళ్ళీ లేవడం, వీటికి సాక్షులు ఇప్పుడే ఉన్నారు. యాభై ఏళ్ళ తర్వాత దొరకరు.

రాసేటప్పుడు

పాలకుల పట్టికే మీ అధ్యాయాల వరస అని మొదట అనుకుంటారు. అలా రాయకండి, రాజులే కనిపిస్తారు, ఊరు కనిపించదు. భూమి దగ్గర మొదలుపెట్టండి. ఎవరు కొలిచారు, ఎవరికిచ్చారు, ఎలా ముక్కలైంది, ఎవరు అమ్ముకుని పోయారు. పాలకులు పక్క మార్జిన్‌లో తేదీలుగా ఉంటే చాలు. పేర్లు పోలిష్ అక్షరాల్లో ఒకసారి ఎక్కడో చివర జాబితాగా ఇవ్వండి, మన లిపిలో మాత్రమే రాస్తే ఇంకొకరు వెతుక్కోలేరు. బతికున్నవాళ్ళ పేర్లు వాళ్ళని అడక్కుండా అచ్చు వేయొద్దు.

పూర్తయ్యాక ఒక ప్రతి క్రింకి గ్మీనా లైబ్రరీకి పంపండి. తెలుగులో ఉంటే వాళ్ళేం చేసుకుంటారు అనుకోకండి, రెండు పేజీల పోలిష్ సారాంశం జతచేయండి, మ్యాపు పెట్టండి. మీకు ఫోటోలు చూపించిన ఇళ్ళకి ఆ ఫోటోల ప్రింట్లు పోస్టులో వేయండి. ఇలాంటి పల్లెల్లో వీధి పేర్లుండవు. మనిషి పేరు, కింద క్రుషిన్యానీ, ఇంటి నంబరు, ఆ కింద 16-120 క్రింకి అని రాస్తే చేరుతుంది. నంబరు మాత్రం తలుపు మీద చూసి రాసుకోండి.